కాఫీయు, కజ్జికాయయు

ఇంటిలో కాఫీ ఉండగా హోటలునకు పోయి కాఫీ త్రాగుట యెందులకని మన పెద్దలు అడుగుచుండెడివారు. న్యాయమైన ప్రశ్నయే. ఇంటిలో పాలు చిక్కనివి, డికాక్షను క్రొత్తది, గ్లాసు మనదే, డబ్బుతో పని లేదు. అయినను సాయంకాలము 4 గంటలగుసరికి వీధి చివరనున్న హోటలు బల్ల మనుష్యుని పిలుచును. ఆ పిలుపు కేవలము కాఫీది కాదు. నలుగురి ముఖములు చూచుట, ఊరి సంగతులు వినుట, మనము శ్రమపడకుండ మరియొకరు వేడివేడిగ వండి తెచ్చినది తినుట, ఇవన్నియు కలిసి పిలుచుచున్నవి.

ఈ అలవాటు మన దేశమున పుట్టినది కాదు. 16వ శతాబ్దపు నడుమ కాన్‌స్టాంటినోపిలు నగరమున కాఫీశాలలు వెలసినవి. 1652లో లండనులో మొదటి కాఫీశాల తెరచిరి. అచట జనులు చేరి రాజ్యవ్యవహారములు మాటలాడుకొనుచున్నారని రెండవ ఛార్లెసు రాజునకు కోపము వచ్చి, అన్నిటిని మూసివేయవలసినదని 1675 డిసెంబరులో ప్రకటన చేసెను. ప్రజలు గోల చేయగా కొలది దినములకే ఆ ప్రకటనను వెనుకకు తీసికొనెను. ఆ రాజు చేయలేని పనిని మన యిండ్లలో అమ్మమ్మలు చాలకాలము చేయగలిగిరి. హోటలు కూడు మైల యని వారొక్క మాట అనిన, మగవారు దొంగచాటున పోవలసినదే గాని రాజమార్గమున పోవుటకు వీలు లేకుండెను. హోటళ్లును తక్కువ తినలేదు. ఫలానా కులము వారి కాఫీ క్లబ్బు అని బోర్డు కట్టి, కొందరిని లోపల కూర్చుండబెట్టి, కొందరికి బయట వేరు గ్లాసులలో పోసిన దినములు మన పట్టణములలో గడచినవి. 1950 జనవరి 26వ తేదీన అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున హోటళ్లను, ఫలహారశాలలను పేరు పెట్టి చెప్పినది. అందులోనికి పోవుటకు కులము, మతము అడ్డు రాగూడదు. రాజ్యాంగ నిర్మాతలు కాఫీ హోటలును మరచిపోలేదన్నమాట.

పలాసలోని ఒక కాఫీ హోటలును గూర్చి ఇపుడు చెప్పదలచితిమి. దాని పేరు చెప్పిన అది ప్రకటన యగును, రేడియోలో కూడదు. పలాసవారు గుర్తుపట్టుదురు. తక్కినవారికి గుర్తు పట్టవలసిన యవసరము లేదు. అట్టి హోటలు ప్రతి యూర నొకటి యుండును.

శ్రీకాకుళము నుండి 16వ నంబరు జాతీయ రహదారిపై ఉత్తరముగా పోయిన నరసన్నపేట, కోటబొమ్మాళి దాటి టెక్కలి వచ్చును. టెక్కలికి దగ్గరనే నౌపడ. ఉప్పుమళ్లకు ప్రసిద్ధి. 1900లో పర్లాకిమిడి మహారాజావారు వేయించిన చిన్న రైలు ఈ నౌపడ నుండియే బయలుదేరి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి పోయెడిది. 1931లో గుణుపురము వరకు సాగినది. ఆ సన్నని పట్టాలను 2004లో మూసి, పెద్ద పట్టాలు వేసిరి. టెక్కలిలో మేమొక చోట దిగి కాఫీ అడిగితిమి. వచ్చినది సగము చికోరీ. దానిని గూర్చి యింతకంటె చెప్పము.

పలాసకు చేరుసరికి గాలి మారును. మద్రాసు–హౌరా ప్రధాన రైలుమార్గముపై నున్న ఈ పట్టణమునకు కాశీబుగ్గ జంటయూరు. ఆ రెంటి సందులలో తిరుగువారికి ముందుగ తగులునది వాసన. జీడిపిక్కలు కాలుచున్న వాసన. కొంచెము చేదు, కొంచెము తీపి, గొంతులో పట్టుకొనునట్టిది. క్రొత్తవారు దగ్గుదురు. ఊరివారికి అది గాలియే.

జీడిమామిడి బ్రెజిలు దేశపు చెట్టు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని మన పడమటి తీరమునకు తెచ్చిరి. ఇసుకనేల కోసుకొనిపోకుండ ఆపునని దానికి పేరు. ఎచటి బ్రెజిలు, ఎచటి ఉద్దానము! ఈ తూర్పుతీరపు ఇసుక ఎఱ్ఱనేలలలో కొబ్బరి, పనస, జీడిమామిడి ఒకదాని నీడ నొకటి పెరిగి, సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములకు ఉద్దానమను పేరు తెచ్చినవి. ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదని అందురు.

పిక్క నుండి పప్పు వచ్చుట సులభము కాదు. పిక్కలను ఎండబెట్టి, ఆవిరిలో ఉడికించియో, కాల్చియో గట్టి పెంకును మెత్తబరచుదురు. పిమ్మట ఒక్కొక్క పిక్కను కోత యంత్రమున పెట్టి పగులగొట్టవలెను. పెంకులోని జిడ్డు చర్మమును కాల్చును. అందుచేత ఆ పని చేయు స్త్రీలు చేతులకు నూనెయో, బూడిదయో పూసికొందురు. అయినను వ్రేళ్ల కొనలు నల్లబడియే యుండును. తరువాత పప్పును వేడిగదిలో ఆరబెట్టి, పైనున్న ఎఱ్ఱపొరను తీసి, పరిమాణమును బట్టి ఏరుదురు. 180, 210, 240, 320 అని రకములు. ఈ అంకె ధర కాదు. ఒక పౌనుకు, అనగా సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగునో ఆ లెక్క. అంకె చిన్నదైనకొలది గుండు పెద్దది, ధర పెద్దది. విరుగని తెల్లని గుండ్లు డబ్బాలకెక్కి దూరదేశములకు, పెండ్లి పందిళ్లకు, పెద్దల బల్లలకు పోవును. ఏరుటలో మిగిలిన బద్దలు, ముక్కలు ఊరిలోనే నిలుచును.

మేము చెప్పు హోటలు ఆ ముక్కలపై నడచుచున్నది.

ఆరు బల్లలు. వెనుక వంటశాల, దాని వెనుక యజమాని యిల్లు. వంటశాలకు, ఇంటికి నడుమ తలుపు లేదు, గోనెపట్టా తెర మాత్రమే. ఉదయము ఇడ్లీ, ఉప్మా. అందరు హోటళ్లవారు చేయునవే, ఇచట వాటిని గూర్చి చెప్పుటకేమియు లేదు. మధ్యాహ్నము 3 గంటలు దాటిన తరువాత మాత్రము తెరకు వెనుక నుండి యజమాని భార్యయు, ఆమె తోడికోడలును ముందునకు వచ్చి పీటలు వేసికొని కూర్చుందురు. అది కజ్జికాయల వేళ.

ఇపుడు పట్టణములలో బేకరీలు వచ్చినవి. అద్దాల పెట్టెలలో పఫ్ అను పొరల రొట్టెలు, రంగురంగుల కేకులు కూర్చుండును. వానిని మేము నిందింపము, పిల్లలకు ప్రీతి. కాని అవి యెచట తయారైనవో, ఎవరి చేతివో తెలియదు. కజ్జికాయ మన కండ్ల యెదుట పుట్టును. పొరలోపల తీపిని దాచి కాల్చు విద్య ఫ్రెంచివారికే కలదని తలచువారు ఈ హోటలులో ఒక గంట కూర్చుండవలెను.

గోధుమపిండిలో కొంచెము బొంబాయిరవ్వ, కాచిన నెయ్యి వేసి, చేతితో నలిపి, పిమ్మట నీరు చిలుకరించి ముద్ద చేయుదురు. తడిగుడ్డ కప్పి గంటసేపు నాననిత్తురు. లోపలిది కొబ్బరి లౌజు. తురిమిన కొబ్బరిని బెల్లముతో సన్నని సెగపై కలియబెట్టుచు ఉడికించి, ఏలకిపొడి, నేతిలో వేయించిన జీడిపప్పు ముక్కలు కలుపుదురు. లౌజు పలుచనైన, తడి పొంగి కజ్జికాయ నూనెలో నోరు తెరచును. వాయ అంతయు పాడగును. మిక్కిలి బిగిసిన, మరునాటికి రాయి. ఆ నడుమ నున్న క్షణమును ఆ యిల్లాలు ఎట్లు కనిపెట్టునని అడిగితిమి.

"గరిటె ఎత్తితే తెలుస్తాది బాబూ. అంటుకుని ఆలోచిస్తాది చూడండి, అప్పుడు దించేయాలి" అనెను.

పూరీవలె వత్తిన పలుచని బిళ్లపై లౌజు పెట్టి, సగమునకు మడచి, అంచును బొటనవ్రేలితో త్రాడువలె మెలిపెట్టుదురు. దీనికి చెక్క అచ్చులు, ఇత్తడి అచ్చులు కలవు. వారు వాడరు. అచ్చు అంచు నూనెలో విడిపోవచ్చును గాని, మెలిక విడువదట. నూనె మరీ కాగిన, పైన బొబ్బలెక్కి లోపల పచ్చిగా నుండును. చాలకున్న నూనె త్రాగును. పప్పులపొడి, చక్కెర పెట్టిన కజ్జికాయ పది దినములు నిలుచును. కొబ్బరి లౌజుది రెండు మూడు దినములకు మించి నిలువదు. అందువలననే అది దూరదేశమునకు ఎగుమతి కాలేదు, పలాసవారి అదృష్టము. మా ధ్వనిముద్రణ సహోద్యోగి ఆ వాయ వేగుచున్న చప్పుడును యంత్రమున పట్టెను. స్టూడియోలో వినిపించగా, వానయని ముగ్గురు చెప్పిరి.

ఇక కాఫీ. ఇత్తడి ఫిల్టరు రెండు అంతస్తులది; పై గిన్నెలో పొడి, క్రింద డికాక్షను. మరుగునీరు ఒక్కమారు పోసి తొందరపెట్టక విడువవలెను. యజమాని అరకు గింజలు తెప్పించి, వారమునకు సరిపడ మాత్రమే పొడి కొట్టించును. నూటికి 20 పాళ్లు చికోరీ. ఆ మాటను దాచడు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. సముద్రమునకు వేయి మీటర్ల యెత్తున, సిల్వరు ఓకు చెట్ల నీడలో, మిరియపు తీగెల ప్రక్కన గిరిజనులు పెంచు ఆ గింజ 2017లోనే పారిస్ నగరమున దుకాణము పెట్టించుకొన్నది. పారిసునకు పోయినది పలాసకు రాదా? మా మట్టుకు కజ్జికాయ తీపికి కాఫీలో పంచదార వలదు. ఒక కొరుకు, ఒక గుక్క. ఈ క్రమమును తప్పించువారితో మాకు వాదము కలదు.

కాఫీకి ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టుట తెలుగుదేశమంతట హోటళ్ల ఆచారము. ఆ గ్లాసును ఎవరును చూడరు. ఉద్దానమున చూతురు. మేము కూర్చుండగనే యజమాని నీళ్ల గ్లాసు పెట్టి, అడుగకయే, "ప్లాంటు నీళ్లు బాబూ, భయం నేదు" అనెను. కాఫీ యెచటిదో అడిగిన చెప్పెను గాని, నీరు యెచటిదో అడుగకముందే చెప్పెను.

కారణము మీకు తెలిసినదే. ఈ ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా ఇల్లిల్లు తిరుగుచున్నది. మధుమేహము, రక్తపుపోటు లేనివారికి కూడ, మడిచెక్కలలో, తోటలలో పనిచేయు వయస్సువారికి, నొప్పి లేకుండ మెల్లగ వచ్చును. ఇటీవలి సర్వేలు పెద్దవారిలో ఇంచుమించు 5గురికి ఒకరి మూత్రపిండములు దెబ్బతినినవని తేల్చినవి. నీరా, నీటిలోని సిలికా వంటి పదార్థములా, పురుగుమందులా, ఎండలో నీరు త్రాగక చేయు కష్టమా, వంశక్రమమా యని పరిశోధకులు ఒక్కొక్కటే పరీక్షించుచున్నారు. ఇదియే కారణమని అందరు ఒప్పుకొన్న నిర్ణయము వెలువడలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధనా కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయము నుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా ఉద్దానపు గ్రామములకు తెచ్చు పథకమును ఆ నెలలోనే ప్రారంభించిరి. నేరము రుజువు కాకున్నను జనులు నీటినే అనుమానింతురు. తల్లి బిడ్డకు ఇచ్చు గ్లాసును అనుమానించుట యెట్టిదో బయటివారికి తెలియుట కష్టము.

మేము రెండవ కజ్జికాయ తీసికొనుచుండగా ఒక పెద్దాయన వచ్చి గోడవైపు బల్లకడ కూర్చుండెను. చేతి మోచేయి దగ్గర పలుచని కట్టు. యజమాని ఏమియు అడుగక, చిన్న స్టీలు గిన్నెతో సగము కాఫీ తెచ్చిపెట్టెను. నీళ్ల గ్లాసు పెట్టలేదు. ఆ గ్లాసు లేకుండుటను మేము గమనించుట ఆయన గమనించెను.

"రోజుకి లీటరే బాబూ నాకు. మందుల నీళ్లు, చారు, ఇది, అంతా అందులోనే లెక్క" అని నవ్వెను. వారమునకు రెండుమార్లు డయాలిసిసునకు పట్టణమునకు వచ్చును. తిరిగి బస్సు ఎక్కులోపల ఈ సగము కాఫీ. ఇంటికడ మనుమరాలు ఆ గిన్నెడు నీటిని లీటరు లెక్కలో తగ్గించునట. ఆమెకు ఎనిమిదేండ్లు, లెక్కలలో గట్టిది.

ఆయన రైతు. వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడిమామిడి తోట. హోటలు లౌజునకు కొబ్బరికాయలు వచ్చునది ఆ తోట నుండియే. జీడిపిక్కల ధరను గూర్చి అడిగితిమి. 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర కావలెనని రైతులు ఏండ్ల తరబడి అడుగుచున్నారు. ఆఫ్రికా నుండి ఓడలలో వచ్చు పిక్కలు చవుకయని వర్తకులు అందురు. ఈ వివాదమున ఆయన ఎక్కువగ మాటలాడలేదు. తనకు పని చేయుటకు శక్తి చాలదని, కొడుకు చూచుచున్నాడని మాత్రము చెప్పెను.

యజమాని భార్య పళ్లెములో ఒక కజ్జికాయ తెచ్చి ఆయన ముందు పెట్టెను. మేము ఉలికిపడితిమి. మూత్రపిండములు చెడినవారికి కొబ్బరి, బెల్లము, జీడిపప్పు, ఈ మూడును వైద్యులు వలదనునవే. వానిలోని పొటాషియము, భాస్వరము శరీరమును విడిచి పోజాలక గుండెకును, ఎముకలకును చేటు చేయును. కొబ్బరినీళ్లు మరింత ముప్పు. తన తోటలో పండునదేదియు ఆ తోటవాడు తినరాదు.

ఆయన తినలేదు. కజ్జికాయను చెవి దగ్గర పట్టుకొని రెండుగా విరిచెను. పొర విరిగిన చప్పుడు విని తల యూపెను. లౌజును ముక్కు దగ్గరకు తెచ్చి వాసన చూచి, వ్రేళ్ల నడుమ నలిపి చూచి, "కాయ ఇంకా ముదరాలమ్మా. పాలు ఎక్కువున్నాయి. నెక్స్టు వారం నుంచి ముదురు ఏరి పంపమంటాను" అనెను.

"అలాగే మావయ్యా. నిన్న రెండు విచ్చుకున్నాయి. అందుకే మీకు చూపించాలని ఉంచాను" అని ఆమె అనెను.

ఆ రెండు ముక్కలను యజమాని కొడుకు తినెను. మేము ప్రశ్న అడుగకముందే పెద్దాయన చెప్పెను. ఈ కాయలు క్రొత్త చెట్లవి. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరనే తీరము దాటినది. ఆ ఒక్క రాత్రి ఉద్దానమున కొబ్బరిచెట్లు మొదలుతో సహా ఒరిగినవి, జీడిమామిళ్లు తలక్రిందులైనవి, పనసలు చీలినవి. అయిదేండ్లకు ముందే, 2013లో ఫైలిన్ దెబ్బ తినిన తోటలవి. నాటుకొబ్బరి మొక్క కాపునకు రావలెనన్న ఆరేడేండ్లు పట్టును. ఆయన తుఫాను పోయిన నెలలోనే మొక్కలు పాతించెను. రోగమున్నదని వైద్యులు చెప్పినది మరుసటి ఏడు. మొక్కలకు నీరు పోయించుచు తాను నీరు కొలుచుకొనుచు గడపితినని చెప్పునపుడు ఆయన గొంతులో ఏడుపు లేదు. తోటల లెక్క చెప్పువాని గొంతే.

తినుటకు వీలులేని మనిషికి పళ్లెము పెట్టుట మొదట మాకు క్రూరముగ తోచినది. ఆ మాట యజమానితో లోగొంతున అనగా ఆయన ఒప్పుకొనలేదు. "ఆయనకి పెట్టకపోతే కదా బాబూ తప్పు. తినలేడని చెప్పి ఊరంతా ఆయన్ని ఏదీ అడగడం మానేసింది. మాకు ఆయన కాయ, ఆయన మాట రెండూ కావాలి." అని డికాక్షను వైపు తిరిగెను. మేము సమాధానము చెప్పలేదు. యజమానియే సరియని ఇపుడు మా యభిప్రాయము.

పెద్దాయన సగము కాఫీకి పూర్తి వెల బల్లపై పెట్టెను. యజమాని సగము వెనుకకు త్రోసెను. ఇది వారమునకు రెండుమార్లు జరుగు తగవట. ఆ దినమున ఎవరు గెలిచిరో బస్సు హారను వలన మాకు తెలియలేదు. ఆయన నాలుగు కజ్జికాయలు కాగితమున కట్టించుకొని లేచెను. మనుమరాలికి రెండు, కోడలికి ఒకటి, కొడుకునకు ఒకటి.

తెరకు అవతల రెండవ వాయ నూనెలో పడినది. తోడికోడలు లౌజును మరి కొంతసేపు సెగపై ఉంచెను, కాయ పాలు ఎక్కువని విన్నది గనుక.